ప్రాజెక్టు మేనేజ్‌మెంట్, ప్రోగ్రాం మేనేజ్‌మెంట్: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు ఐటీలో ఉన్న మనవాళ్లు టీం లీడ్ దాటి పైకి వెళ్లేటప్పుడు దాదాపు అందరూ ఇక్కడే ఆగుతారు. నిన్నటిదాకా ప్రాజెక్టు మేనేజర్. కంపెనీ మారగానే, లేదా ప్రమోషన్ రాగానే ప్రోగ్రాం మేనేజర్. పేరు మారింది సరే, పని ఏం మారిందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉండరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు జూనియర్లు ఎక్కడ కలిసినా నన్ను అడిగేవి ఇవే కాబట్టి, వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచి జవాబులు రాశాను. వరుసగా చదవాల్సిన పనిలేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదటి సందేహాలు

అన్నా, రెండు ముక్కల్లో చెప్పు. తేడా ఏంటి?

ప్రాజెక్టు మేనేజరు ఫలానా వస్తువును ఫలానా తేదీకి, ఫలానా ఖర్చులో చేసి అప్పగిస్తానని ఒప్పుకుంటారు. ప్రోగ్రాం మేనేజరు అలాంటి అప్పగింతలు నాలుగైదు కలిశాక సంస్థకు ఏం ఒరగాలో దానికి పూచీ పడతారు. మొదటివారిని "అయిందా?" అని అడుగుతారు. రెండోవారిని "పనికొచ్చిందా?" అని అడుగుతారు. 1969లో అమెరికాలో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే మనమంతా పీఎంఐ అనే సంస్థ, చెప్పేది కూడా ఇంచుమించు ఇదే: విడివిడిగా నడిపితే దక్కని ప్రయోజనం కోసం, ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న ప్రాజెక్టుల్ని కలిపి నడిపేదే ప్రోగ్రాం. మీ నాలుగు ప్రాజెక్టులూ ఎవరి దారిన వాళ్లు నడుపుకున్నా అదే ఫలితం వచ్చేటట్టయితే మీ చేతిలో ఉన్నది ప్రోగ్రాం కాదు, నాలుగు ప్రాజెక్టుల జాబితా.

పెద్ద ప్రాజెక్టునే ప్రోగ్రాం అంటారు కదా?

అనరు. ముప్పై అంతస్తుల ఆఫీసు టవరుకు వందల కోట్లు అవ్వచ్చు. ప్లాను ఒకటి, అప్పగింత ఒకటి అయితే అది ప్రాజెక్టే. ఇరవైమంది పనిచేసే చిన్న వ్యాపారాన్ని చూడండి. వాళ్లు బిల్లింగు సాఫ్ట్‌వేరు మారుస్తున్నారు, గోడౌనులో సరుకు లెక్కపెట్టే పద్ధతి మారుస్తున్నారు, సేల్స్ వాళ్ల ఇన్సెంటివ్ లెక్క మారుస్తున్నారు. మూడూ కలిస్తే నెలాఖరు ఖాతాలు పది రోజులకు బదులు రెండు రోజుల్లో ముగియాలన్నది యజమాని కోరిక. అది చిన్నదే, కానీ ప్రోగ్రాం. బడ్జెట్ పెద్దదని పేరు మార్చే అలవాటు చాలా కంపెనీల్లో ఉంది. ప్రయోజనం ఎవరి బాధ్యతో తేల్చకుండా పేరొక్కటే మారిస్తే టీం మీద ఇంకో వారపు మీటింగు పడుతుంది, అంతకుమించి ఏమీ మారదు.

మన ఊళ్లో కళ్లముందు కనిపించే ఉదాహరణ ఏదైనా ఉందా?

ఉంది. మీరు రోజూ ఎక్కే నమ్మ మెట్రో. పర్పుల్ లైనులో కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా 13.71 కిలోమీటర్ల ముక్క 2023 మార్చి 25న మొదలైంది. స్టేషన్లు తయారు, రైళ్లు తిరుగుతున్నాయి, ఆ ముక్క వరకు పని పూర్తయినట్టే. కానీ బైయప్పనహళ్లికీ కేఆర్ పురానికీ మధ్య ఉన్న సుమారు రెండు కిలోమీటర్లు అప్పటికి తెరవలేదు. ఎంజీ రోడ్డు వైపు నుంచి వచ్చేవాళ్లు బైయప్పనహళ్లిలో దిగి, బస్సు పట్టుకుని, కేఆర్ పురంలో మళ్లీ మెట్రో ఎక్కారు. ఆ చిన్న ముక్క అక్టోబరు 9న తెరిచాకే ఊరి నడిబొడ్డు నుంచి వైట్‌ఫీల్డ్‌కు ఒకే రైల్లో వెళ్లడం కుదిరింది. పదమూడు కిలోమీటర్లకు రావాల్సిన పూర్తి విలువ రెండు కిలోమీటర్ల దగ్గర ఆగి ఉందన్నమాట.

ఎలక్ట్రానిక్ సిటీ వైపు వెళ్లే యెల్లో లైను ఇంకో పాఠం. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. వంతెన, స్టేషన్లు ముందే సిద్ధమయ్యాయి. డ్రైవరు లేకుండా నడిచే రైళ్లు అందడం ఆలస్యమైంది. చివరికి 2025 ఆగస్టు 10న ప్రారంభమైనప్పుడు చేతిలో ఉన్నవి మూడు రైళ్లు, అవి నడిచింది 25 నిమిషాలకొకటి. స్తంభాలు, స్టేషన్లు కట్టినవాళ్ల లెక్కలో పని ఎప్పుడో అయింది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషి లెక్కలో మొదటి రైలు వచ్చేదాకా ఏమీ కాలేదు. ఈ రెండో లెక్క పట్టుకుని కూర్చోవడమే ప్రోగ్రాం మేనేజరు ఉద్యోగం.

ఇంట్లో నా పని గురించి చెప్పాలి. మామూలు మాటల్లో ఎలా చెప్పను?

ఒంగోలులో ఉన్న అమ్మానాన్నల్ని బెంగళూరు తెచ్చుకోవాలనుకున్నారు. లిఫ్టు ఉన్న ఫ్లాటు వెతకడం ఒక పని. అక్కడి ఇల్లు అద్దెకివ్వడం ఒకటి. నాన్నగారి పెన్షను ఖాతా, ఆధార్ చిరునామా మార్పించడం ఒకటి. షుగరు చూసే డాక్టరును ఇక్కడ కుదుర్చుకోవడం ఇంకొకటి. ప్రతిదానికీ మొదలుంది, చివర ఉంది, అయిందో లేదో తేల్చి చెప్పొచ్చు. ఇవి ప్రాజెక్టులు.

అన్నీ అయ్యాక నాలుగో నెలలో అమ్మ "నాకిక్కడ మాట్లాడే మనిషి లేదురా, నన్ను పంపించెయ్" అంటే? ఏ పనీ తప్పలేదు, అసలు ఉద్దేశం మాత్రం తప్పిపోయింది. పెద్దవాళ్లు మన దగ్గర నిశ్చింతగా ఉండాలన్న సంగతి మొదటినుంచీ మనసులో పెట్టుకుని, ఫ్లాటు చూసేటప్పుడే తెలుగు కుటుంబాలున్న అపార్టుమెంటు, నడిచిపోయేంత దూరంలో గుడి వెతికే మనిషి ఇంట్లో ఎవరో ఒకరుంటారు. ఇక్కడ డాక్టరు కుదరకముందే అక్కడి ఇల్లు అద్దెకివ్వొద్దని వరుస చెప్పేది కూడా వాళ్లే. నా ఉద్యోగం అదే అని చెప్పండి, ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది.

ఇస్రో గగన్‌యాన్‌ను ప్రోగ్రాం అంటుంది. మరి చంద్రయాన్-3?

చంద్రయాన్-3ని ఒక ప్రాజెక్టుగా చూడొచ్చు. 2023 జూలై 14న బయల్దేరింది, ఆగస్టు 23న చంద్రుడి మీద మెత్తగా దిగింది, రోవర్ నడిచింది, ప్రయోగాలు చేసింది. పెట్టుకున్న పనులు ఇవీ, అయ్యాయి అని లెక్క తేల్చి ముగించగలిగారు.

గగన్‌యాన్ అలా కాదు. మన మనిషిని అంతరిక్షానికి పంపి క్షేమంగా తిరిగి తేవాలి. అందుకు ఎల్‌వీఎం3 రాకెట్టు మనుషుల ప్రయాణానికి తగినంత నమ్మకంగా తయారవ్వాలి. క్రూ మాడ్యూలు కావాలి, ప్రమాదం వస్తే దాన్ని రాకెట్టు నుంచి దూరంగా లాగేసే ఎస్కేప్ వ్యవస్థ కావాలి, లోపల గాలి, వేడిమి చూసుకునే వ్యవస్థ కావాలి, పారాచూట్లు, వ్యోమగాముల శిక్షణ, సముద్రంలో దిగాక వెలికితీసే ఏర్పాట్లు కావాలి. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి జరిపిన టీవీ-డీ1 పరీక్షలో ఎస్కేప్ వ్యవస్థ పనిచేసింది. అది నెగ్గినంత మాత్రాన మనిషి ఎక్కలేడు, మిగతావన్నీ కూడా నెగ్గాలి.

ఇంకో సంగతి. ఈ ప్రోగ్రాంను మంత్రివర్గం ఆమోదించింది 2018లో. 2024 సెప్టెంబరులో దాని పరిధిని పెంచి, భారతీయ అంతరిక్ష స్టేషను మొదటి మాడ్యూలును కూడా చేర్చారు. మొత్తం నిధులు 20,193 కోట్ల రూపాయలకు చేరాయి. ప్రాజెక్టు మధ్యలో స్కోపు ఇంత పెరిగితే మనం కంగారు పడతాం. ప్రోగ్రాంలో దారి తెలిసేకొద్దీ పరిధి మారడం మామూలే. గమ్యం మారిందా, దారి మారిందా అన్నదే అక్కడ చూడాల్సింది.

పోర్ట్‌ఫోలియో అంటే మళ్లీ ఇంకోటా?

అవును. సంస్థ డబ్బు, మనుషుల్ని దేనిమీద పెట్టాలో ఎంచుకునే చోటు అది. అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రాజెక్టులు, ప్రోగ్రాంలు పక్కపక్కనే ఉంటాయి. ఏది మొదలుపెట్టాలి, ఏది ఈ ఏడాది వద్దు అన్న నిర్ణయం పోర్ట్‌ఫోలియో స్థాయిది.

## రోజువారీ పనిలో

నా రోజు ఎలా మారుతుంది? మీటింగులు పెరగడం తప్ప ఇంకేమైనా ఉందా?

ప్రాజెక్టు మేనేజరు రోజంతా లోపలి వైపు చూస్తారు: ఎవరి పని ఎంతవరకు వచ్చింది, ఏ డిఫెక్టు మూయలేదు, సోమవారం డెమోకు ఏం చూపించాలి. ప్రోగ్రాం మేనేజరు చూడాల్సింది టీంల మధ్య ఉన్న ఖాళీలను. ఒక టీం పని ముగిసి ఇంకో టీం పని మొదలయ్యే చోట ఎవరూ ఉండరు. ప్రోగ్రాంలు ఎక్కువగా తేడా కొట్టేది అక్కడే. పైవాళ్లతో మాట కూడా మారుతుంది. ప్రాజెక్టులో ఉన్నప్పుడు "ఎంత శాతం అయింది" అని చెబుతాం. ప్రోగ్రాంలోకి వచ్చాక "ఈ నెలలో మీరు తేల్చాల్సిన నిర్ణయం ఇది, తేల్చకపోతే ఫలానా పని ఆగుతుంది" అని చెప్పడం నేర్చుకోవాలి. టాస్కులు విడగొట్టే అలవాటు మానుకోవడం మొదట్లో చాలామందికి కష్టంగా ఉంటుంది. ప్రాజెక్టు మేనేజరు పక్కన కూర్చుని అతని ప్లానులో మీరు చెయ్యి పెడితే ఆ ఖాళీలు చూసే మనిషి లేకుండా పోతాడు.

డిపెండెన్సీలు, అంటే ఒక టీం పని ఇంకో టీం మీద ఆధారపడే చోట్లు, ట్రాక్ చేయడం అంటారు. సరిగ్గా ఏం రాసుకోవాలి?

"యాప్ టీం డేటా టీం మీద ఆధారపడి ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. బ్యాంకు పాత సిస్టం నుంచి కొత్తదానికి మారుతోందనుకోండి. అప్పుడు ఒక వరుస ఇలా ఉండాలి. ఇచ్చేది: డేటా మైగ్రేషన్ టీం. పుచ్చుకునేది: మొబైల్ యాప్ టీం. వస్తువు: అసలు పేర్లు, నంబర్లు మార్చేసిన లక్ష ఖాతాల టెస్ట్ డేటా, అందులో జాయింట్ ఖాతాలు, ఎన్నారై ఖాతాలు తప్పకుండా ఉండాలి. చోటు: ఇంటిగ్రేషన్ టెస్ట్ సర్వరు. తేదీ: జూన్ 9 ఉదయం. ఒప్పుకున్నవారు: ఇద్దరు మేనేజర్ల పేర్లు. అందకపోతే: జూన్ 23 రిగ్రెషన్ (పాతవన్నీ ఇంకా పనిచేస్తున్నాయా అని చూసే పరీక్ష) వెనక్కి పోతుంది.

జాయింట్ ఖాతాలు, ఎన్నారై ఖాతాలు అన్న ఆ చిన్న ముక్క చూశారా? అది రాయకపోతే జూన్ 9న డేటా వస్తుంది, అన్నీ మామూలు సేవింగ్స్ ఖాతాలే వస్తాయి, ఇచ్చినవాళ్లు ఇచ్చేశామంటారు, పుచ్చుకున్నవాళ్లు పనికిరాదంటారు. ఇద్దరి మాటా నిజమే అవుతుంది. వారానికోసారి ఇచ్చేవాళ్లను, పుచ్చుకునేవాళ్లను ఒకే కాల్‌లో పెట్టి ఈ వరుసలు పైకి చదివించండి. విడివిడిగా అడిగితే ఇద్దరూ "ఓకే" అనేస్తారు.

అన్ని ప్రాజెక్టులూ గ్రీన్. నేను ప్రోగ్రాం రెడ్ అని ఎలా చూపిస్తాను?

ధైర్యంగా చూపించండి, కారణం ఒక్క వాక్యంలో రాయండి. రిపోర్టులో గ్రీన్ అంటే ఆ మేనేజరు తన ప్లాను ప్రకారం నడుస్తున్నట్టు మాత్రమే, రెడ్ అంటే ప్రమాదంలో ఉన్నట్టు. బ్రాంచిల్లో కొత్త ఖాతా తెరిచే పద్ధతి మారుస్తున్నారనుకుందాం. సాఫ్ట్‌వేరు టీం ఆగస్టు 1కి ఇస్తానంటుంది, ప్లానులో ఉంది, గ్రీన్. ట్రైనింగు టీం బ్రాంచి సిబ్బందికి సెప్టెంబరులో నేర్పుతానంటుంది, ప్లానులో ఉంది, అదీ గ్రీన్. మరి ఆగస్టు నెలంతా కౌంటరు దగ్గర కొత్త స్క్రీను ముందు కూర్చునేది ఎవరు? ఈ ప్రశ్న ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండదు. అడగాల్సింది మీరే.

ప్రాజెక్టు మేనేజర్ల రంగుల్ని కూడి సగటు తీసి పైకి పంపే అలవాటు ఉంటే ఈ వారమే మానేయండి. ప్రోగ్రాం రంగును ప్రయోజనం వైపు నుంచి నిర్ణయించాలి: అనుకున్న తేదీకి అనుకున్న మేలు వస్తుందా, రాదా. రెడ్ చూపించే ముందు రోజు ఆ ఇద్దరు మేనేజర్లకూ ఫోన్ చేసి చెప్పండి. ప్రోగ్రాం మీద నిర్ణయాలు తీసుకునే పెద్దల స్టీరింగ్ కమిటీలో మొదటిసారి వింటే మనుషులు నొచ్చుకుంటారు, తర్వాత మీకు నిజం చెప్పరు.

రిస్కులు రెండు చోట్లా ఉంటాయి కదా, ఏవి నావి?

ఒక ప్రాజెక్టు లోపలే తేల్చుకోగలిగినవి ఆ మేనేజరువి. రెండు మూడు ప్రాజెక్టులకు ఒకేసారి తగిలేవి, ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట పెరిగేవి మీవి. మూడు ప్రాజెక్టులూ ఒకే డేటాబేస్ నిపుణుడి మీద ఆధారపడ్డాయనుకోండి. ఎవరి రిస్కు జాబితాలో చూసినా అది చిన్నదే. మూడూ పక్కపక్కన పెడితే మీ ప్రోగ్రాంలో అతిపెద్ద రిస్కు అదే.

అజైల్‌లో ఇవన్నీ ఎక్కడున్నాయి? మాకు ప్రాజెక్టు మేనేజరే లేడు.

పేర్లు మారాయి, అవసరం పోలేదు. సేఫ్, అంటే పెద్ద సంస్థల్లో చాలా టీంలతో అజైల్ నడిపే పద్ధతి (స్కేల్డ్ అజైల్ ఫ్రేమ్‌వర్క్), వాడే కంపెనీల్లో 50 నుంచి 125 మంది దాకా ఉన్న టీంల గుంపును అజైల్ రిలీజ్ ట్రైన్ అంటారు, దాన్ని నడిపించేవారు రిలీజ్ ట్రైన్ ఇంజినీరు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలకోసారి అందరూ కూర్చుని రాబోయే విడత పనికి ప్లాను వేస్తారు, దాన్నే పీఐ ప్లానింగ్ అంటారు. ఏ టీం ఎవరికి ఏం ఇవ్వాలో గోడమీద దారాలు కట్టి చూపించేది అక్కడే. అజైల్ టీంకు పద్ధతి నేర్పి అడ్డంకులు తీసే స్క్రమ్ మాస్టరును ప్రోగ్రాం మేనేజరుతో పోల్చకండి, ఆ పని ఒక టీం వరకే.

డెలివరీ మేనేజర్, టీపీఎం, పీఎంఓ... వీళ్లంతా ఎవరు?

సర్వీసు కంపెనీల్లో డెలివరీ మేనేజరు అంటే క్లయింటుకు ఒప్పుకున్న పని, మనుషులు, మార్జిను చూసేవారు. క్లయింటుకు చివరికి కలిగే ప్రయోజనం ఎక్కువగా క్లయింటు వైపు ప్రోగ్రాం మేనేజరు దగ్గరే ఉంటుంది. ప్రొడక్టు కంపెనీల్లో, విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సెంటర్లలో టెక్నికల్ ప్రోగ్రాం మేనేజరు, అదే టీపీఎం, ఇంజినీరింగు టీంల మధ్య పని కలుపుతారు. వీళ్లకు సిస్టం డిజైను బాగా తెలియాలి, ఇంటర్వ్యూలో కూడా అడుగుతారు. పీఎంఓ, అంటే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ ఆఫీసు, పద్ధతులు, రిపోర్టులు, లెక్కలు చూసే విభాగం. ఆఫరు లెటరులో పేరు ఏదున్నా చేరేముందు ఒక్క మాట అడగండి: "ఏడాది తర్వాత నా పని బాగుందని ఏ అంకె చూసి చెబుతారు?" జవాబులో తేదీలు, బిల్లింగు మాత్రమే వినిపిస్తే అది ప్రాజెక్టు లేదా డెలివరీ ఉద్యోగం. తప్పేం లేదు, తెలిసి చేరండి.

## మారాలనుకునేవాళ్లకు

ప్రోగ్రాం అనుభవం ఉంటేనే ఉద్యోగం ఇస్తారు. ఉద్యోగం లేకుండా అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడున్న కుర్చీలో నుంచే వస్తుంది. మీ ప్రాజెక్టుకు అటూ ఇటూ ఉన్న రెండు టీంల ప్లానులు తెప్పించుకుని, మీ ముగ్గురి మధ్య చేతులు మారే వస్తువుల పట్టిక ఒకటి తయారుచేయండి. ఎవరూ అడగకపోయినా చేయండి. మీ మేనేజరుకు చూపించి, వారానికి అరగంట ముగ్గురినీ కలిపే బాధ్యత అడిగి తీసుకోండి. ఎవరూ వద్దనరు, ఎందుకంటే ఆ పని ఎవరిదీ కాదు. ఇంకో దారి, గో-లైవ్ అయ్యాక, అంటే చేసింది వాడకంలోకి వచ్చాక కూడా, మీ ప్రాజెక్టు ఫలితాన్ని వెంటాడటం. మనం సాధారణంగా సైన్-ఆఫ్ రాగానే తర్వాతి ప్రాజెక్టుకు వెళ్లిపోతాం. మూడు నెలలాగి బిజినెస్ వాళ్లను కలిసి, చేసింది వాడుతున్నారా, ఏం మారింది అని అడిగి రాసుకోండి. రెజ్యూమెలో "12 మంది టీంను నడిపాను" అన్న వాక్యం కన్నా "మూడు టీంల కటోవర్ (పాతది ఆపి కొత్తదానికి మారే) తేదీలు కలిపాను, తర్వాత ఖాతా తెరిచే సమయం ఇంత తగ్గింది" అన్న వాక్యానికి బరువెక్కువ.

పీఎంపీ చేయాలా, పీజీఎంపీ చేయాలా, ఎంఎస్‌పీ చేయాలా?

ప్రాజెక్టులు నడుపుతున్నవారైతే పీఎంపీ, అంటే ప్రాజెక్టు మేనేజర్లకిచ్చే సర్టిఫికెట్. పీఎంఐ 1984 నుంచి ఇస్తోంది, హెచ్‌ఆర్ వాళ్లందరికీ తెలిసిన పేరు. డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ అడుగుతారు. అదే సంస్థ ప్రోగ్రాం మేనేజర్లకిచ్చే పీజీఎంపీ 2007లో మొదలైంది. డిగ్రీతో పాటు ప్రాజెక్టుల్లో 48 నెలలు (పీఎంపీ ఉంటే సరిపోతుంది), ప్రోగ్రాంలలో ఇంకో 48 నెలలు కావాలి. ఫీజు కట్టగానే పరీక్ష రాయనివ్వరు. మీరు రాసిన అనుభవాన్ని ముందు ఒక ప్యానెల్ చదివి, అది నిజంగా ప్రోగ్రాం పనే అని ఒప్పుకోవాలి. రెండు సర్టిఫికెట్లకూ మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్న గంటల లెక్క) చూపించి కొనసాగించుకోవాలి. షరతులు మారుతుంటాయి, దరఖాస్తు రోజున పీఎంఐ సైటులో చూసుకోండి.

ఎంఎస్‌పీ (మేనేజింగ్ సక్సెస్‌ఫుల్ ప్రోగ్రామ్స్) బ్రిటన్ ప్రభుత్వం నుంచి 1999లో వచ్చిన ప్రోగ్రాంలు నడిపే పద్ధతి, ఐదో ఎడిషన్ 2020లో వెలువడింది. బ్రిటన్ క్లయింట్లతో పనిచేసేవారికి ఇది బాగా అక్కరకొస్తుంది. మార్పును బిజినెస్ లోపల పాదుకొల్పే బిజినెస్ చేంజ్ మేనేజరు అనే పాత్రను ప్రోగ్రాం మేనేజరు నుంచి వేరుచేసి చూపడం అందులో నాకు బాగా నచ్చిన భాగం. ఫౌండేషన్ స్థాయికి ముందస్తు అనుభవం అడగరు. నా సలహా: ప్రోగ్రాం పని ఇంకా చేయనివాళ్లు పీజీఎంపీ కోసం ఆరాటపడొద్దు, ప్యానెల్ దగ్గరే ఆగిపోతుంది.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

"మీ ప్రోగ్రాం గురించి చెప్పండి" అంటారు. మనవాళ్లలో చాలామంది ఎన్ని ప్రాజెక్టులు, ఎంతమంది, ఎంత బడ్జెట్ అని మొదలుపెడతారు. ఎదుటివారు వినాలనుకునేది వేరు: ఆ ప్రాజెక్టులు ఎందుకు కలిపి నడిపారు, ఎక్కడ ఒకదానికొకటి అడ్డుపడ్డాయి, అప్పుడు మీరు దేన్ని వెనక్కి నెట్టారు, ఎవరిని ఒప్పించారు. ఒక గొడవను పూర్తిగా చెప్పండి. "టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఒక్కటే ఉంది, ఇద్దరికీ అదే వారం కావాలి. పేమెంట్స్ టీంకిచ్చాను, ఎందుకంటే దాని తేదీ బయటివాళ్లతో ముడిపడి ఉంది. లోన్స్ టీం రెండు వారాలు ఆలస్యమైంది, దాని వల్ల కలిగే నష్టాన్ని స్పాన్సరుకు ముందే చెప్పి ఒప్పించుకున్నాను" అన్నట్టు ఉండాలి. (స్పాన్సరు అంటే ప్రోగ్రాంకు డబ్బు, అండ ఇచ్చే పై అధికారి.) ఎవరికీ నష్టం లేకుండా అంతా సర్దేశానంటే నమ్మరు.

జీతం ఎక్కువుంటుందా?

సాధారణంగా బాధ్యతను బట్టి ఎక్కువే. కానీ ఒక కంపెనీలో ప్రోగ్రాం మేనేజరు అనే హోదా ఇంకో కంపెనీలో సీనియర్ ప్రాజెక్టు మేనేజరు కన్నా కింద ఉండొచ్చు. పేరును కాకుండా గ్రేడును పోల్చుకోండి.

## రోల్‌లో చేరాక

సోమవారం చేరుతున్నాను. మొదటి నెల ఏం చేయాలి?

ప్లానులు ముట్టుకోకండి. ముందు స్పాన్సరును, బిజినెస్ వైపు ఒక్కో పెద్దమనిషిని విడిగా కలిసి ఒకే ప్రశ్న అడగండి: "ఇదంతా అయ్యాక మీ దగ్గర ఏం మారి ఉండాలి?" జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఒకరు ఖర్చు తగ్గాలంటారు, ఒకరు కస్టమర్లు పెరగాలంటారు, ఇంకొకరు ఆడిట్‌లో మాట పడకుండా ఉంటే చాలంటారు. అందరూ ఒకే ప్రోగ్రాం గురించి మాట్లాడుతున్నామనుకుంటూ ఉంటారు! ఆ తేడాలన్నీ ఒక పేజీలో పక్కపక్కన పెట్టి స్పాన్సరు ముందు పరచండి. మొదటి నెలలో మీరు చేయగలిగిన అతి విలువైన పని ఇదే.

తర్వాత ప్రతి ప్రాజెక్టు ఎదురుగా ఏ ప్రయోజనానికి తోడ్పడుతుందో గీత గీయండి. ఏ గీతా తగలని ప్రాజెక్టు ఒకటైనా దొరుకుతుంది. ఏ ప్రాజెక్టూ మోయని ప్రయోజనం కూడా ఒకటి దొరుకుతుంది. రెండోదాని గురించి ఎక్కువ భయపడండి.

ప్రాజెక్టు మేనేజర్లు నాకు రిపోర్టు చేయరు. నా మాట ఎందుకు వింటారు?

మీవల్ల వాళ్ల పని తేలికైతే వింటారు. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట. వెండరు కాంట్రాక్టు సంతకం నెలరోజులుగా కదలక ఒక మేనేజరు అవస్థ పడుతుంటే, మీరు స్పాన్సరుతో మాట్లాడి అది కదిలించండి. అతని దగ్గర మీ మాటకు ఆ రోజు నుంచి విలువ ఉంటుంది. రిపోర్టులు అడగడం తగ్గించండి. వాళ్లు ఎలాగూ తయారుచేసే పత్రాల నుంచే మీకు కావాల్సింది తీసుకోండి, మీకోసం వేరే ఎక్సెల్ నింపమనకండి. మీ ముందు ఒకరి తప్పు బయటపడితే అందరి కాల్‌లో అనకండి. అయితే ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. రెండు ప్రాజెక్టుల మధ్య వరుస ఎవరు తేల్చాలన్నది స్పాన్సరు చేత మొదట్లోనే రాతపూర్వకంగా చెప్పించుకోండి. స్నేహంతో తొంభై శాతం నడుస్తుంది, మిగిలిన పది శాతానికి ఆ కాగితం కావాలి.

బెనిఫిట్ కొలవడం ఎలా? అంతా గాలిలో మాటల్లా ఉంటాయి.

మొదలుపెట్టకముందు కొలిస్తేనే తర్వాత కొలవగలరు. బ్రాంచిలో ఖాతా తెరవడం వేగవంతం కావాలన్నది లక్ష్యమైతే, పాత పద్ధతిలో ఎంతసేపు పడుతోందో ఇప్పుడే లెక్క తీయించండి. కస్టమరు ఫారం ఇచ్చిన క్షణం నుంచా, కేవైసీ ఒప్పుకున్నాక నుంచా? ఎన్ని బ్రాంచిలు, ఏ నెల? మార్చి, ఏప్రిల్‌లలో రద్దీ వేరు, జూలైలో వేరు. ఇవి ముందే తేల్చి, బిజినెస్ వైపు ఒక మనిషి పేరు పక్కన రాయండి. ఆ అంకె అతను లేదా ఆమె సొంతం కావాలి, మీది కాదు. వేగం పెరిగి తిరస్కరించిన ఫారాలు కూడా పెరిగితే అది మేలు కాదు కాబట్టి పక్కనే ఒక కాపలా అంకె కూడా పెట్టుకోండి. పాత సిస్టం ఆపేశాక పాత లెక్క ఎక్కడా దొరకదు. అందుకే ఈ పని వాయిదా వేయొద్దని అందరితో పదేపదే అంటాను.

ఒక ప్రాజెక్టు ఇక అక్కర్లేదు అనిపిస్తోంది. బాగా నడుస్తున్నదాన్ని ఆపమని ఎలా చెప్పను?

బాగా నడవడం వేరు, అవసరం ఉండటం వేరు. ఆపమని చెప్పే అవకాశం ఆ ప్రాజెక్టు మేనేజరుకు దాదాపు ఉండదు, ఆ బాధ్యత మీదే. ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందన్నది పక్కన పెట్టి, ఇకమీద పెట్టబోయే డబ్బుకు ఏం వస్తుందో మాత్రమే చూపించండి. ఆపితే ఆ మనుషులు ఏ ప్రాజెక్టుకు వెళ్తారో కూడా అదే కాగితంలో ఉండాలి. టీంకు వార్త మీ నోటి నుంచే, అదే రోజు అందాలి. వాళ్ల పనితనంలో లోపం లేదని స్పాన్సరు చేత మెయిలు పంపించండి. అప్రైజల్ సమయంలో వాళ్లకు ఆ మెయిలు కావాలి.

అన్ని ప్రాజెక్టులూ క్లోజ్ అయ్యాయి. ప్రోగ్రాం కూడా ముగిసినట్టేనా?

ఇంకా కాదు. ప్రయోజనం మొలకెత్తేది చాలాసార్లు చివరి గో-లైవ్ తర్వాతే. అలాగని ఏళ్ల తరబడి టీంను కూర్చోబెట్టనక్కర్లేదు. అంకె అనుకున్న దిశలో కదులుతోందని రెండు మూడు కొలతల్లో కనిపించి, దాన్ని మోసే మనిషి బిజినెస్‌లో స్థిరపడితే చాలు. అప్పుడు బెనిఫిట్ల పట్టిక, మొదటి కొలతలు, లెక్క తీసే పద్ధతి వాళ్ల చేతికివ్వండి. తర్వాతి సమీక్ష తేదీ క్యాలెండర్లో పెట్టించి, ఆ రోజు లెక్క ఎవరు చదువుతారో పేరుతో సహా స్టీరింగ్ కమిటీ మినిట్స్‌లో రాయించాకే ప్రోగ్రాం మూయండి.